జపమాలలో నా సగం

మొన్న అక్టోబరులో మరియమాత మా ఇంటికొచ్చింది. మా గుడివాళ్ళు, అంటే చర్చివాళ్ళు, ఆ నెలంతా ఆవిడ చిన్న స్వరూపాన్ని రోజుకో ఇంటికి తిప్పుతారు. వచ్చిన రోజు సాయంత్రం ఆ ఇంట్లోవాళ్ళంతా కూర్చుని జపమాల చెప్పాలి, మర్నాడు పక్కింటికి సాగనంపాలి. ఫిల్మ్ నగర్‌లో మా వంతు వచ్చిందని తెలిసిన దగ్గర్నుంచీ నాకు కాలూ చెయ్యీ ఆడలేదు. టీవీ కింద బల్ల ఖాళీ చేసి తెల్లగుడ్డ పరిచాను, మల్లెదండ తెప్పించాను, రెండు కొవ్వొత్తులు పెట్టాను. మా అబ్బాయి జోజి, పాపం, ఆ రోజు జూబ్లీ హిల్స్ ఆఫీసు నుంచి పెందరాళే వచ్చాడు. కోడలు సునీత తలమీద కొంగు కప్పుకుంది. మనవరాలు యాన్ మంచి గౌను వేసుకుంది. సరిగ్గా ఏడింటికి మా అబ్బాయి ఫోను తీసి, మరియమాత పాదాల దగ్గర నిలబెట్టి, ఏదో నొక్కాడు. ఫోనులో ఒకాయన జపమాల మొదలుపెట్టాడు. ఫోనులోనే కొందరు ఆడవాళ్ళు ఆయనకి జవాబు చెప్పారు. మేం నలుగురం సోఫాలో కూర్చుని విన్నాం. మధ్యలో ఆ ఫోనులోనే ప్రకటనవాళ్ళెవరో వచ్చి శంకర్‌పల్లి దగ్గర ప్లాట్లు ఉన్నాయని కూడా చెప్పి వెళ్ళారు. "మరి మనం ఏం చెయ్యాలి నానమ్మా?" అని యాన్ నా చెవిలో అడిగింది. "వినాలి" అని వాళ్ళ నాన్నే చెప్పాడు.

ఇంకొకరింట్లో అయితే నేను ఊరుకునేదాన్ని కాదు. నా నోరు ఎలాంటిదో తెలిసినవాళ్ళకి తెలుసు. కానీ ఆ పూట నోరు పెగల్లేదు, ఎందుకంటే తప్పు మా అబ్బాయిది కాదు. వాడికి ఎవరు నేర్పారు గనక? నేర్పాల్సినదాన్ని నేనే. నేర్పలేదు. ఎందుకు నేర్పలేదో వాడికి ఇంతవరకూ చెప్పలేదు. చెప్పాల్సిన రోజులు దగ్గరపడ్డాయి కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

అప్పుడు మేం ఇదే ఫిల్మ్ నగర్‌లో, ఇప్పుడున్న అపార్టుమెంటుకి కూతవేటు దూరంలో, బండల మీద కట్టుకున్న రేకుల ఇంట్లో ఉండేవాళ్ళం. ఒకటే గది. వెనకాల బండ చల్లగా ఉండేది, పైన రేకు పెనంలా కాలేది. మా నాన్న జోజయ్య గుంటూరు వైపు నుంచి వచ్చిన వడ్రంగి, సినిమాలకి సెట్లు వేసేవాడు. రాజుగారి కోట, పోలీస్ స్టేషను, జమీందారు మేడ, ఏది కావాలంటే అది నాలుగు రోజుల్లో నిలబెట్టేవాడు. ఇంటికొచ్చేసరికి కనురెప్పల మీద కూడా రంపపుపొట్టు ఉండేది. పచ్చి చెక్క వాసన, జిగురు వాసన, చెమట వాసన కలిసి ఆయన కంటే ముందు ఇంట్లోకి వచ్చేవి. అమ్మ కుండలో నీళ్ళు తోడి పెట్టేది. మోచేతుల దాకా ఎర్రసబ్బుతో తోముకుని, తలకి కొబ్బరినూనె రాసుకుని, చెవి మీదున్న పెన్సిలు తీసి గూట్లో ఉన్న మరియమాత బొమ్మ పాదాల దగ్గర పెట్టేవాడు. అంటే ఆ రోజుకి పని అయిపోయిందని. ఆ పెన్సిలు అక్కడ పెట్టాక ఇంక నిర్మాత వచ్చి పిలిచినా పలికేవాడు కాదు.

మా ఇంట్లో సిలువలకి కొదవలేదు. సినిమాలో చర్చి సీను ఉంటే ఆ సెట్టు నాన్నే వేసేవాడు. షూటింగ్ అయిపోయాక సెట్టు విప్పేసేటప్పుడు చెక్కంతా గొడౌనుకి పోతుంది, పనికిరానిది పొయ్యిలోకి పోతుంది. సిలువని మాత్రం పొయ్యిలోకి పోనిచ్చేవాడు కాదు, భుజాన వేసుకుని ఇంటికి తెచ్చేసేవాడు. గోడలు చాలక ఒకటి మంచం కింద కూడా ఉండేది. "ఒక్క ఏసుప్రభువుకి ఇన్ని సిలువలేంటయ్యా, ఆయన పడ్డది చాలదా?" అని అమ్మ విసుక్కునేది. సెట్టు మీద తోటివాళ్ళు కూడా ఏడిపించేవాళ్ళు. "మేస్త్రీ, నువ్వు కొట్టిన మేకులకి నువ్వే దణ్ణం పెడతావేంటి?" అనేవాళ్ళు. నాన్న నవ్వి ఊరుకునేవాడు. చర్చి సెట్టులోది ఎంత ప్లైవుడ్ పీఠమైనా దాని ముందు నుంచి నడవాల్సి వస్తే ఒక మోకాలు వంచి, నుదుట సిలువ గుర్తు వేసుకుని గానీ దాటేవాడు కాదు.

ఏడింటికి గోనెపట్టా పరిచేవాళ్ళం. దాని మీద మోకాళ్ళు. జపమాల తెలియనివాళ్ళకి ఒక్క మాట చెప్పాలి. మరియమ్మకి వందనం చెప్పే ప్రార్థన ఒకటుంది, మంగళవార్త జపం అంటాం. దాన్ని ఒకే మనిషి మొత్తం చెప్పడు. పెద్దవాళ్ళు మొదటి సగం చెప్పి ఆగుతారు, మిగతావాళ్ళు రెండో సగం అందుకుంటారు. అలా పూసకొకసారి, పదేసి చొప్పున, మాలంతా యాభై మూడు సార్లు. మా ఇంట్లో మొదటి సగం నాన్నది, రెండో సగం నాదీ అమ్మదీ. పగలంతా ఆడుకుని అలిసిపోయిన పిల్లని కదా, రెండో పదికొచ్చేసరికే నాకు కళ్ళు మూతలు పడేవి. అమ్మ అయితే గిల్లేది. నాన్న గిల్లేవాడు కాదు, తిట్టేవాడూ కాదు. తన సగం చెప్పేసి ఆగి, మెడ తిప్పి నా వంక చూసేవాడు. అమ్మ ఒక్కతే జవాబు చెప్తే ఒప్పుకునేవాడు కాదు. నేను ఉలిక్కిపడి నా సగం చెప్పేదాకా పూస ముందుకి జరిగేది కాదు. పక్కింటి యాదమ్మకి మా జపమే గడియారం. "మీ నాయిన సదువు షురూ అయితే నేను బియ్యం ఎసట్లేస్త, మీరు లేసేటాలకు అన్నం దించుత" అనేది. ఒక్కోరోజు నా నిద్ర వల్ల ఆలస్యమై ఆవిడ అన్నం మెత్తబడేది. మర్నాడు పొద్దున్నే గుమ్మంలో నిలబడి "బిడ్డా, నిన్న మల్ల పండుకున్నవా?" అని దులిపేసేది.

గుడిలో ఉపదేశి మాకు పవిత్రాత్మ వరాలు ఏడింటినీ బట్టీ పట్టించాడు. వాటిలో భక్తి ఒకటి. బట్టీ అయితే పట్టాను గానీ భక్తి అంటే ఏంటో అర్థం కాలేదు. మోకాళ్ళు కాయలు కాయడమేనా అని ఒకరోజు నాన్నని అడిగాను. ఆయన రంపానికి పదును పెడుతున్నాడు. పళ్ళ వరస పూర్తయ్యేదాకా ఆకురాయి ఆపలేదు. తర్వాత, "దేవుడు పిలిచినా, కన్నవాళ్ళు పిలిచినా, ఆఁ అని పలకడమేనమ్మాయ్. నాకు అంతవరకే తెలుసు" అన్నాడు. ఆ తర్వాత ఎందరో ఫాదర్ల ప్రసంగాలు విన్నాను, పుస్తకాలు చదివాను. వాటిలో ఒక్కటీ ఇంత తేలిగ్గా గుర్తుండలేదు. గుర్తుండి ఏం లాభం?

నాకు పద్దెనిమిదేళ్ళు నిండిన ఏడాది అమ్మకి జబ్బు చేసింది. పోయే రోజున నాన్న మంచం పక్కన మోకాళ్ళూని జపమాల అందుకున్నాడు. ఆయన సగం, నా సగం. అమ్మ పెదాలు కూడా కాసేపు మాతోపాటు కదిలాయి. మూడో పదిలో కదలడం మానేశాయి. నాన్న గమనించాడు. అయినా ఆపలేదు. నేను ఏడుస్తూనే మిగిలిన జవాబులన్నీ చెప్పాను. యాభై మూడూ అయ్యాకే అమ్మ కళ్ళు మూశాడు. సమాధుల దొడ్డి నుంచి తిరిగొచ్చాక, గుమ్మంలో కాళ్ళు కడుక్కుంటూ, "అమ్మాయ్, నేను పోయేటప్పుడు కూడా ఇలాగే. నువ్వు జవాబు చెప్పాలి. ఇంకేం వద్దు నాకు" అన్నాడు. నేను చెప్తానన్నాను. ఆ మనిషి నన్ను బతుకంతా కలిపి అడిగింది ఆ ఒక్కటే.

అమ్మ పోయాక కూడా జపం ఆగలేదు. మొదలుపెట్టడానికి ఒకడు, జవాబుకి ఒకతె. అన్నేళ్ళు పైకి జవాబు చెప్పి చెప్పి నా గొంతు పదునెక్కింది. నాన్నకి క్యారేజీ ఇవ్వడానికి స్టూడియోకి వెళ్ళినప్పుడు ఆ గొంతు విని డబ్బింగ్ వాళ్ళు పిలిచారు. మొదట్లో గుంపులో అరుపులు, కూరగాయలమ్మే ఆవిడ మాటలు, హీరోయిన్ స్నేహితురాళ్ళలో నాలుగో అమ్మాయి నవ్వు. చీకటిగదిలో తెర మీద బొమ్మ పెదవి కదిలినప్పుడు నా మాట పడాలి. అదేం పెద్ద విద్య కాదు నాకు. ఎవరైనా ఆగిన చోట అందుకోవడమే కదా, చిన్నప్పట్నుంచీ నేను చేసింది.

రంపపుపొట్టు నాన్న ఊపిరితిత్తుల్ని తినేసింది. ఎర్రగడ్డ ఆసుపత్రిలో కొన్నాళ్ళుంచి, ఇంటి దగ్గర ఉంచుకుని కనిపెట్టి చూసుకోమని పంపించారు. దిండ్లకి ఆనుకుని కూర్చునే పడుకునేవాడు. సాయంత్రం జపం మాత్రం మానలేదు, మధ్యమధ్యలో ఆయాసం తీర్చుకుంటూ చెప్పేవాడు. అలాంటి రోజుల్లో ఒక పొద్దున స్టూడియో నుంచి కబురొచ్చింది. పెద్ద సినిమా. హీరోయిన్ బొంబాయి అమ్మాయి, తెలుగు ముక్క రాదు. కథలో ఆమె క్రైస్తవుల పిల్ల. తండ్రి చావుబతుకుల్లో ఉంటాడు, ఫాదర్ వచ్చి జపం చెప్తాడు, ఆమె ఏడుస్తూ జవాబు చెప్పాలి. అప్పటికి ముగ్గురు డబ్బింగ్ అమ్మాయిలు చెప్పి చూశారట, ఎవరికీ ఆ మాటలు నోట తిరగలేదు. "మన జోజయ్య మేస్త్రి కూతురికైతే నిద్రలో కూడా వచ్చు" అని ఎవరో అన్నారు. ఈ సీను కుదిరితే సినిమా మొత్తం నాకే ఇస్తామన్నారు.

నాన్నని అడిగాను. అడిగాననే చెప్పుకుంటాను గానీ, అప్పటికే జడ వేసేసుకున్నాను. "వెళ్ళిరా. తొందరగా రా" అన్నాడు. స్టూడియో ఇంటికి పది నిమిషాల నడక. రెండు గంటల్లో వచ్చేస్తాను, కాస్త చూస్తుండమని యాదమ్మకి చెప్పి వెళ్ళాను. ఆయన ముఖంలో ఆ పొద్దున తేడా ఏదో ఉంది. నాకు కనపడింది. కనపడలేదని ఇన్నేళ్ళూ చాలామందికి చెప్పాను, కానీ కనపడింది.

రెండు గంటలు నాలుగయ్యాయి. మాటలు ఒక్కటీ తప్పలేదు, పెదవులకి సరిగ్గా పడ్డాయి, ఏడుపే రావట్లేదు. "అమ్మా, అప్పజెబుతున్నావు. చచ్చిపోతున్నది నీ తండ్రి" అన్నాడు అసిస్టెంట్ డైరెక్టరు. మళ్ళీ వేశారు. మళ్ళీ వేశారు. తెర మీద ఫాదర్ వేషం వేసినాయన మొదటి సగం చెప్పి ఆగుతాడు, నేను అందుకుంటాను. "ఇప్పుడును మా మరణ సమయమందును" దగ్గర గొంతు పూడుకుపోవాలి. అక్కడ నా గొంతు గంటలా మోగుతోంది. చివరికి నేనొక పని చేశాను. కళ్ళు మూసుకుని, మంచంలో దిండ్లకి ఆనుకున్న మా నాన్న చచ్చిపోతున్నట్టు ఊహించుకున్నాను. ఆయన తన సగం చెప్పి ఆగి, మెడ తిప్పి నా వంక చూస్తున్నట్టు ఊహించుకున్నాను. అంతే, ఎక్కడి నుంచి వచ్చిందో ఏడుపు, కట్ట తెగినట్టు వచ్చింది. అద్దం అవతల కూర్చున్నవాళ్ళు లేచి చప్పట్లు కొట్టారు. డైరెక్టరు బయటికొచ్చి తల మీద చెయ్యి పెట్టాడు. నాకు గర్వంగా ఉంది. దాచడం దేనికి, చాలా గర్వంగా ఉంది. దారిలో నాన్నకని బత్తాయిలు కొన్నాను.

మా గుమ్మం ముందు జనం ఉన్నారు. లోపల యాదమ్మ నాన్న తల ఒళ్ళో పెట్టుకుని కూర్చునుంది. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. ఎలా జరిగిందని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పింది. "నువ్వు వొయినంక జరసేపటికే దమ్ము ఎక్కువైంది బిడ్డా. గా పూసల దండ అడిగి తీస్కుండు. దినాం సదివేదే సదువుడు షురూ జేసిండు. సగం సదివి ఆగిండు, నా మొఖం జూసిండు. నాకేమొస్తది? ఊఁ అన్న. కాదన్నట్టు తలకాయ ఊపిండు. మల్ల మొదటికెంచి షురూ జేసిండు. మల్ల ఆగిండు, మల్ల నా మొఖం జూసిండు. నాకు పానం ఆగక, నాకొచ్చిందే రామ రామ అన్న. గది గూడ కాదన్నడు. గట్లనే జేసిండు, ఎన్నిసార్లో నాకెరుక లేదు. మీ మనిషి ఎవ్వలన్న ఉంటరేమోనని గల్లీ అంత మా ఆయనను ఉరికిచ్చిన. నీ కాడికి గూడ వచ్చిండు బిడ్డా, లోపల పని నడుస్తుంది, తలుపు తెరిచేది లేదన్నరంట." నాన్న చేతిలో జపమాల ఉంది. బొటనవేలు మొదటి పూస మీదే ఉంది. ఒక్క పూస కూడా ముందుకి జరగలేదు.

సమాధి అయిన వారానికి, చేసిన పాపం ఫాదర్‌తో చెప్పుకుందామని పాపసంకీర్తనానికి వెళ్ళాను. జాలీ తెర అవతల్నుంచి ఫాదర్ గారు అంతా విని, "ఇది పాపం కాదమ్మా, నువ్వు పనికి వెళ్ళావు, నీకేం తెలుసు?" అన్నారు. ముఖంలో తేడా కనపడిందని చెప్పాను. అయినా పాపం కాదన్నారు. మంచివారు, నన్ను ఓదార్చాలనే అన్నారు. కానీ పాపం కాకపోతే దానికి క్షమాపణ ఎక్కడ దొరుకుతుంది? పాపమని ఉంటే ప్రాయశ్చిత్తం చెప్పేవారు, చేసేదాన్ని, ఏదో ఒక రోజుకి తీరేది. ఆయన మంచితనం వల్ల అది ఇప్పటికీ నా మీదే ఉంది. ఆ తర్వాత ఇద్దరు ముగ్గురు ఫాదర్లని అడిగాను. అందరూ మంచివాళ్ళే.

సినిమా వంద రోజులాడింది. నాకు పేరొచ్చింది, చేతినిండా పని వచ్చింది, ఆ తర్వాత మాటలు రాసే పనీ వచ్చింది. పెళ్ళయింది, జోజి పుట్టాడు. మా ఆయన కూడా మా గుడివాడే, జపమాల చెప్దామని ఒకటి రెండుసార్లు గోనెపట్టా పరిచాడు కూడా. ఆయన మొదటి సగం చెప్పి ఆగేసరికి నేను ఏదో వంక పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. ఆయనా విసిగి మానేశాడు. గోనెపట్టా బియ్యం డబ్బా కిందికి చేరింది. పిల్లాడు ఆదివారం పూజకి వచ్చాడు, సత్ప్రసాదం తీసుకున్నాడు, అన్నీ పద్ధతిగానే జరిగాయి. ఇంట్లో మాత్రం వాడు ఎవరికీ జవాబు చెప్పి ఎరగడు. మా ఆయన ఆసుపత్రిలో తెలివి రాకుండానే కన్నుమూశాడు. ఆ పక్కన నిలబడి నేనూ నోరు తెరవలేదు. మా నాన్న ఒక చిన్న గదిలో, చెమటోడ్చి వచ్చిన ఒంటితో, రోజూ నిలబెట్టిన దాన్ని నేను ఒక్కదాన్నే ఇంత పెద్ద ఫ్లాటులో పడగొట్టాను. కాలం మారిపోయిందని మా ఈడువాళ్ళంతా గుడి మెట్ల మీద కూర్చుని అంటారు. నేనా మాట అనలేను. మా ఇంట్లో కాలం చేసిందేం లేదు, చేసిందంతా నేనే.

ఆ సినిమా ఇప్పటికీ టీవీలో వస్తుంటుంది. ఆ సీనులో ఒక ఫాదర్ వేషగాడికి నేను ఎంత చక్కగా జవాబు చెప్తానో మీరూ విని ఉండొచ్చు. మా కోడలు ఒకసారి చూసి, "అత్తయ్యా, మీరు నిజంగానే ఏడ్చినట్టుందండీ" అంది. అవునమ్మా అన్నాను.

మరియమాత పక్కింటికి వెళ్ళిపోయిన రోజు రాత్రి భోజనాల దగ్గర మా అబ్బాయిని అడిగాను. "ఒరేయ్, నేను పోయేటప్పుడు జవాబు ఎవరు చెప్తారురా?" అన్నాను. వాడికి అర్థం కాలేదు. "అలాంటి మాటలెందుకమ్మా ఇప్పుడు?" అన్నాడు. జపమాల సంగతి అని చెప్పాను. వాడు ప్రేమగానే, చాలా ప్రేమగా నా చెయ్యి పట్టుకుని, "దానికేముందమ్మా, ఫోనులో పెడతాను. నీ పక్కనే పెడతాను" అన్నాడు.

మర్నాటి నుంచి నేను ఏడింటికి నా గదిలో తలుపు వేసుకుంటున్నాను. మోకాళ్ళు వంగవు, కుర్చీలోనే కూర్చుంటాను. నాన్న జపమాల బీరువాలోంచి తీశాను. మొదటి సగం నాకు రాక కాదు, కానీ అది ఆయనది, నేను ముట్టుకోను. ఆయన చెప్పడానికి ఎంతసేపు పడుతుందో నాకు బాగా తెలుసు, చివరి రోజుల్లో ఆయాసంతో సహా తెలుసు. అంతసేపూ ఆగుతాను. ఆగి, నా సగం చెప్తాను. పూస జరుపుతాను. నిన్న కూడా యాభై మూడు సార్లు ఆగాను. యాభై మూడు సార్లూ వంటింట్లోంచి ఫ్రిజ్ చప్పుడే వినపడింది.